మా క్లాసు నోట్సు అందరికీ ఓపెన్‌గా పెట్టాలి: ఎక్కడ, ఏ లైసెన్స్‌తో?

బోధనాప్రియ

అందరికీ నమస్కారం. ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. 2021-22 నుంచి మా రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లిష్ మీడియం అయిపోయింది. మా దగ్గర చేరేవాళ్లలో చాలామంది ఇంటర్ దాకా తెలుగులో చదివినవాళ్లే. ఎంట్రోపీ గురించి తెలుగులో చెబితే వెంటనే అందుకుంటారు. అదే ఇంగ్లిష్ పుస్తకం తెరిస్తే మొదటి పేరా దగ్గరే ఆగిపోతారు. అందుకని థర్మోడైనమిక్స్, ఆప్టిక్స్ రెండు పేపర్లకీ పేజీలో ఎడమవైపు ఇంగ్లిష్, కుడివైపు తెలుగు వివరణ వచ్చేలా నోట్సు రాశాను. వాటితోపాటు స్లైడ్లు, యూనిట్‌వారీ లెక్కలు, న్యూటన్ రింగ్స్ ప్రయోగం వీడియో ఉన్నాయి.

ఇన్నాళ్లూ అవన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతున్నాయి. ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోగానే ఆ గ్రూపు సద్దుమణుగుతుంది, కొత్త బ్యాచ్‌కి మళ్లీ మొదటి నుంచీ పంపాలి. వేరే జిల్లాల లెక్చరర్లు అడిగితే డ్రైవ్ లింక్ ఇస్తున్నాను. అది నా సొంత జీమెయిల్‌ది. రేపు ఆ ఖాతా నిండిపోయినా, నేను మూసేసినా అందరికీ పోయినట్టే.

ఏ కాలేజీ వాళ్లయినా వీటిని దించుకోవాలి, వాళ్ల సిలబస్‌కి తగ్గట్టు మార్చుకోవాలి, తప్పులుంటే దిద్దుకోవాలి. ఇదీ నాకు కావాల్సింది. ఎక్కడ పెట్టాలి? రచయిత అందరికీ ముందే అనుమతి ఇచ్చేసే క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సుల్లో ఏది తీసుకోవాలి? ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి అనుమతి అడగాలా? ఇప్పటికే చేసినవాళ్లు చెబితే మేలు.

గ్రంథాలయం_కిటికీ

మేడమ్, మంచి పని తలపెట్టారు. యూనివర్సిటీ లైబ్రరీలో డిజిటల్ రిపాజిటరీ (ఫైళ్లని దాచి నెట్‌లో అందరికీ అందించే చోటు) చూసుకోవడం నా పని కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

రిపాజిటరీలో పెట్టిన ప్రతిదానికీ మారని చిరునామా ఒకటి వస్తుంది. డీస్పేస్ అనే రిపాజిటరీ సాఫ్ట్‌వేర్‌లో అయితే దాన్ని హ్యాండిల్ అంటాం, జెనోడో లాంటి ఉచిత రిపాజిటరీలో డీఓఐ. సర్వర్ మార్చినా, వెబ్‌సైట్ రూపం మార్చినా ఆ నంబరు నొక్కితే మీ ఫైలు పేజీకే వెళ్లేలా చూసుకునే బాధ్యత రిపాజిటరీది. డీస్పేస్‌ని 2002లో ఎంఐటీ, హెచ్‌పీ కలిసి విడుదల చేశాయి. సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇగ్నో పాఠాలుండే ఈ-జ్ఞానకోశ్, పీహెచ్‌డీ థీసిస్‌లుండే శోధగంగ రెండూ దాని మీద కట్టినవే.

పెట్టేటప్పుడు ఒక ఫారం నింపాలి. దాన్ని ఎంత శ్రద్ధగా నింపితే మీ నోట్సు అంత మందికి దొరుకుతుంది. మా దగ్గరికి ‘యూనిట్ 2 ఫైనల్ కొత్తది’ అన్న శీర్షికతో ఫైళ్లు వస్తుంటాయి. అలా రాస్తే వెతికేవాళ్లకి ఎప్పటికీ దొరకదు. ‘ఉష్ణగతికశాస్త్రం రెండో నియమం, కార్నో ఇంజిన్: బీఎస్సీ ద్విభాషా నోట్సు’ అని రాయండి. అదే శీర్షిక ఇంగ్లిష్‌లోనూ ఇవ్వండి. భాష గడిలో చాలామంది ఇంగ్లిష్ అని ఉన్నదాన్ని అలాగే వదిలేస్తారు. తర్వాత ఎవరైనా తెలుగు పాఠాలు మాత్రమే చూపించమని వడకడితే మీది ఆ జాబితాలోకి రాదు. ఇక హక్కుల గడి. అది ఖాళీగా ఉంటే చట్టం దృష్టిలో హక్కులన్నీ రచయితవే. నెట్‌లో పెట్టినంత మాత్రాన ఏదీ ఓపెన్ అయిపోదు.

ఇంకొకటి, పీడీఎఫ్ ఒక్కటే పెట్టొద్దు. వర్డ్ ఫైలో, లేటెక్ ఫైలో, స్లైడ్ల అసలు ఫైలో పక్కనే ఉండాలి. మార్చుకోండి అని లైసెన్స్ ఇచ్చి చేతికి పీడీఎఫ్ పెడితే అవతలి లెక్చరర్ మొత్తం మళ్లీ టైపు చేసుకోవాలి.

యార్క్‌షైర్_తెలుగు

ఇంగ్లండ్‌లో ఒక యూనివర్సిటీలో లెక్కలు చెబుతాను, సొంతూరు తెనాలి దగ్గర. ‘ఎక్కడ పెట్టాలి’ అన్న ప్రశ్నకి ఇక్కడ జరిగింది చెబుతాను, మీకు పనికొస్తుంది.

బ్రిటన్‌లో కాలేజీలు, యూనివర్సిటీల బోధన సామగ్రి కోసం దేశం మొత్తానికీ జోరమ్ అనే రిపాజిటరీ ఉండేది. జిస్క్ అనే సంస్థ నడిపించేది. 2009 నుంచి 2012 దాకా ప్రభుత్వ నిధులతో ఓపెన్ పాఠాల కార్యక్రమం ఇక్కడ పెద్ద ఎత్తున సాగింది. 2010లో జోరమ్‌లో లాగిన్ లేకుండానే ఎవరైనా దించుకునే ఓపెన్ విభాగం తెరిచారు. నిధులు తీసుకున్న ప్రాజెక్టులు తమ పాఠాలు అక్కడికి చేరేలా చూడాలన్నారు. అంత పెద్ద వ్యవస్థని 2016లో మూసేశారు.

ప్రాజెక్టు డబ్బు రెండు మూడేళ్లకి వస్తుంది. సర్వర్ ఖర్చు, మనిషి జీతం మాత్రం ఏటా కావాలి. ఏ దేశంలోనైనా రిపాజిటరీలకి ఇదే గండం. జోరమ్ పోయాక సొంత యూనివర్సిటీలోనో మరో చోటో ఇంకో కాపీ ఉన్న పాఠాలు బతికాయి. లైసెన్స్ ఓపెన్ కాబట్టి వేరేవాళ్లు కాపీ తీసి దాచడానికి ఎవరి దగ్గరికీ అనుమతికి వెళ్లనక్కర్లేదు. ఓపెన్ లైసెన్స్ అసలు బలం అక్కడే ఉందని నా నమ్మకం. కాబట్టి మేడమ్, ఎక్కడ పెట్టినా ఒక్కచోటే పెట్టకండి.

ఇంకో మాట. 2001లో ఎంఐటీ తమ కోర్సులన్నీ ఓపెన్ చేస్తామని ప్రకటించినప్పటి నుంచీ ఓపెన్ పాఠాలంటే అంత హంగు ఉండాలేమో అని టీచర్లు జంకుతున్నారు. సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్ల రిపాజిటరీ ఎడ్‌షేర్, హ్యుమానిటీస్ టీచర్ల కోసం పెట్టిన హమ్‌బాక్స్ చూడండి. ఒక గంట క్లాసుకి పనికొచ్చే హ్యాండవుట్, ఒక వర్క్‌షీట్, అలాంటివే ఎక్కువ. నా అనుభవంలో టీచర్లు ఎక్కువగా తీసుకుని వాడేది ఆ చిన్న ముక్కల్నే. వేరేవాళ్ల కోర్సు మొత్తం ఎవరూ తెచ్చిపెట్టుకోరు, తమకి లేని ఒక్క భాగం కోసం వస్తారు. యూనిట్లన్నీ కలిపి ఒకే ఫైలుగా కాకుండా విడివిడిగా పెట్టండి.

రామప్ప_రాయి

అందరూ ఉత్సాహంగా ఉన్నారు, సంతోషం. నేను చేదు సంగతి చెప్పక తప్పదు. ఓరుగల్లు దగ్గర డిగ్రీలో ఎకనామిక్స్ చెబుతాను. స్టాటిస్టిక్స్ నోట్సు రాసి, ఏ లైసెన్సూ గట్రా లేకుండా నా బ్లాగులో పెట్టాను. ఒక గైడ్ల పబ్లిషర్ దాన్ని ఎత్తుకొచ్చి అచ్చు వేసుకున్నాడు. కార్ల్ పియర్సన్ సహసంబంధం లెక్కలో పత్తి ధర, దిగుబడి అంకెలు మా ఊరి రైతులని అడిగి రాసుకున్నవి. ఊరి పేరుతో సహా ఆ గైడులో దిగిపోయాయి. నా పేరు మాత్రం ఎక్కడా లేదు. మా క్లాసు పిల్లలే దాన్ని డబ్బులిచ్చి కొన్నారు.

ఏ లైసెన్సూ లేనప్పుడే ఇట్లా చేశారంటే, తీసుకోండి అని రాసిచ్చాక ఇంకేం చేస్తారో! పెట్టాలంటే వాణిజ్యానికి వాడకూడదు, మార్చకూడదు అన్న రెండు షరతులూ ఉన్న లైసెన్సే సురక్షితం కదా? పేరు, డబ్బు రెండూ ఎవరికో పోతుంటే నేనెందుకు రాత్రుళ్లు కూర్చుని టైపు చేయాలి?

వికీ_సేవకుడు

రామప్ప గారూ, మీకు జరిగింది అన్యాయమే, అందులో రెండో మాట లేదు. కానీ మీరన్న రెండు షరతుల వల్ల నష్టం ఎవరికో చూడండి.

‘మార్చకూడదు’ అంటే అనువాదం చేసి పంచుకోవడానికీ వీల్లేదు. బోధనాప్రియ గారి నోట్సులోంచి కార్నో ఇంజిన్ భాగం తీసుకుని, ఉర్దూ మీడియం పిల్లల కోసం కుడివైపు గడిలో ఉర్దూ పెట్టి నిజామాబాద్‌లో ఇంకో లెక్చరర్ పంచాలంటే కుదరదు. అచ్చుతప్పు దిద్దిన కాపీ పెట్టాలన్నా మిమ్మల్ని అడగాలి. మీరు రిటైరైపోతే ఎవరిని అడుగుతారు? బోధన సామగ్రికి ఈ షరతు అసలు పనికిరాదని నా అభిప్రాయం.

‘వాణిజ్యానికి కాదు’ అన్న షరతు ఉంటే వికీపీడియాలకి బొమ్మలు, వీడియోలు దాచే వికీమీడియా కామన్స్‌లోకీ, తెలుగు వికీపీడియాలోకీ ఆ బొమ్మలు, వీడియోలు తీసుకోలేం. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది, అయినా భౌతికశాస్త్రం వ్యాసాలకి మంచి బొమ్మలు ఇప్పటికీ కరువే. తెలుగు పేర్లు రాసిన కిరణ చిత్రాలు కావాలని మేం వెతుకుతూనే ఉంటాం. న్యూటన్ రింగ్స్ వీడియో అయితే వదులుకోలేను మేడమ్! సీసీ బై (పేరు వేస్తే చాలు) గానీ, సీసీ బై-ఎస్‌ఏ (పేరు వేయాలి, మార్చినదాన్నీ అదే లైసెన్స్‌తో ఇవ్వాలి) గానీ పెట్టండి. కామన్స్ ఎంపీ4 తీసుకోదు, వెబ్‌ఎం రూపంలోకి మార్చాలి. ఆ పని నేను చేసిపెడతాను.

బై-ఎస్‌ఏలో రామప్ప గారి భయానికి కొంత జవాబు ఉంది. ఎవరైనా అచ్చు వేసి అమ్ముకోవచ్చు, నిజమే. కానీ మీ పేరు వేయాలి, మూలం చెప్పాలి, మార్చి కలిపిన భాగాన్ని కూడా అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. ఆ గైడు కొన్న పిల్లవాడికి అది ఉచితంగా ఎక్కడ దొరుకుతుందో ఆ పేజీలోనే తెలిసిపోతుంది. అప్పుడు డబ్బు పెట్టి కొనేవాళ్లు తగ్గుతారు.

కోర్టు_మెట్లు

న్యాయవాదిని. ఇక్కడ రాసేది మామూలు సమాచారమే, మీ కేసుకి సలహా అనుకోవద్దు.

మొదట అనుమతి సంగతి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన రచనకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. లెక్చరర్ సొంత పూనికతో రాసుకున్న నోట్సు ‘ఉద్యోగంలో భాగం’ అవుతుందా కాదా అన్నది వాదించుకోవాల్సిన విషయం. అంతదూరం పోకుండా ప్రిన్సిపాల్ ద్వారా కళాశాల విద్యా కమిషనరేట్‌కి ఒక లేఖ పెట్టండి. ఫలానా నోట్సుని ఫలానా లైసెన్స్‌తో విద్యార్థుల మేలు కోసం పెడుతున్నాను, అభ్యంతరం లేదని తెలపండి అని ఒక పేజీ చాలు. జవాబు రాతపూర్వకంగా తీసుకుని దాచుకోండి.

రెండోది, క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేరు. మీరు ఫైలు తీసేయవచ్చు, కానీ అప్పటికే తీసుకున్నవాళ్లకి ఆ హక్కు ఉండిపోతుంది. కాబట్టి అనుమతి చేతికొచ్చాకే పెట్టండి.

రామప్ప గారికి: లైసెన్స్ ఇవ్వడమంటే హక్కు వదులుకోవడం కాదు. సీసీ లైసెన్సుల 4.0 వెర్షన్ ప్రకారం పేరు వేయకపోతే ఆ పబ్లిషర్‌కి వచ్చిన అనుమతి అక్కడికక్కడే రద్దవుతుంది. తప్పు తెలిసిన 30 రోజుల్లోగా సరిదిద్దుకుంటే తిరిగి వస్తుంది. సరిదిద్దకపోతే అది మామూలు కాపీరైట్ ఉల్లంఘనే. మీ బ్లాగులో ఏ లైసెన్సూ లేదు కాబట్టి ఆ పబ్లిషర్ చేసింది అప్పుడైనా ఇప్పుడైనా ఉల్లంఘనే. లీగల్ నోటీసు ఇవ్వవచ్చు. బ్లాగు తేదీలు, గైడు ముద్రణ సంవత్సరం ఉన్న పేజీ భద్రపరచండి.

‘వాణిజ్యం’ అన్న మాటకి హద్దు ఎక్కడో కూడా తేలిక కాదు. అమెరికాలో ఒక పాఠ్య సంస్థ తమ పాఠాల్ని వాణిజ్యేతర లైసెన్స్‌తో పెట్టింది. స్కూళ్ల కోసం డబ్బు తీసుకుని వాటిని జిరాక్స్ తీసిన ఫెడెక్స్ మీద కేసు వేసింది. 2018లో అప్పీలు కోర్టు ఫెడెక్స్ పక్షానే చెప్పింది. వాడుకుంటున్నది స్కూలు, షాపు ఆ స్కూలు తరఫున కాపీ తీసిపెట్టింది అంతే అన్నారు. మన కాలేజీ గేటు ముందు జిరాక్స్ షాపుల్ని ఆపడానికి ఆ షరతు పెడుతున్నామనుకుంటే అది పనిచేస్తుందన్న హామీ లేదు.

ఎమ్మెస్సీ_సెకండియర్

నమస్కారం సార్, నమస్కారం మేడమ్. పెద్దవాళ్ల మధ్యలో మాట్లాడుతున్నాను. చదువుకునేవాళ్ల వైపు నుంచి కూడా ఎవరైనా చెప్పాలి కదా అని రాస్తున్నా.

నేను తెలుగు మీడియంలో చదివి ఎమ్మెస్సీ ఫిజిక్స్‌కి వచ్చాను. ఎన్‌పీటీఈఎల్ లెక్చర్లే నాకు దిక్కు. 2003లో ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి మొదలుపెట్టినవి. ఇప్పుడు కొన్ని కోర్సులకి తెలుగు అనువాదం పీడీఎఫ్‌లు కూడా ఉన్నాయి. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు కొన్ని తెలుగులో దొరుకుతాయి, బోధనాప్రియ మేడమ్ నోట్సులో వాటి లింకులు ఇస్తే చాలా బాగుంటుంది. కానీ ఎన్‌పీటీఈఎల్ చెప్పేది ఐఐటీ పిల్లల స్థాయికి. మా బీఎస్సీ సిలబస్‌కి, మాలాంటివాళ్లకి తగ్గట్టు రాసింది ఎక్కడా దొరకదు. గ్రూప్స్‌కి చదివే మా అన్నయ్య కోఠిలో పాత పుస్తకాల దుకాణాలన్నీ తిరిగి తెలుగు అకాడమీ పుస్తకాలు, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలు కొనుక్కొచ్చాడు. తెలుగులో నమ్మదగిన పుస్తకం కోసం ఇంత తిరగాలా అనిపించింది.

నా కోరికలు రెండే. ఫైలు సైజు తగ్గించండి. స్కాన్ చేసిన నోట్సు పెద్ద ఫైలుగా ఉంటే హాస్టల్‌లో నెట్ మీద దిగేసరికి రాత్రవుతుంది, ఫోన్‌లో తెరిస్తే పేజీ కదలదు. రెండోది, లెక్కలకి జవాబులు, కనీసం చివరి అంకె అయినా ఇవ్వండి. సరిగ్గా చేశామో లేదో తెలియకపోతే చాలా టెన్షన్‌గా ఉంటుంది.

అక్షరం_కూర్పు

విజయవాడలో డీటీపీ చేస్తాను. కాలేజీల వాళ్లకి తెలుగు పుస్తకాలు, జర్నళ్లు కూర్చిపెడుతుంటాను. మీ చర్చలో ఒక ముఖ్యమైన సంగతి ఎవరూ ఎత్తలేదు. మేడమ్, మీ నోట్సు ఏ ఫాంటులో ఉంది?

ఎందుకు అడుగుతున్నానంటే, మన దగ్గర పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో కూర్చిన పాఠ్య పుస్తకాలు లెక్కలేనన్ని. తెర మీద చూస్తే చక్కగా ఉంటాయి. ఆ పీడీఎఫ్‌లోంచి ‘ఉష్ణగతికశాస్త్రం’ అన్న మాట కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలర్ గుర్తులు కలగాపులగంగా పడతాయి. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కల్ని కూర్చారు. తలకట్టు ఒక మీట కింద, ఒత్తు ఇంకో మీట కింద. కంప్యూటర్‌కి అది తెలుగు అని తెలియదు. అలాంటి ఫైలుని ఏ రిపాజిటరీలో పెట్టినా, ఎంత మంచి లైసెన్స్ ఇచ్చినా, లోపలి మాటతో వెతికితే దొరకదు. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. మార్చుకుందామన్నా అవతలివాళ్ల దగ్గర ఆ ఫాంటు ఉండాలి.

ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉండే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తుల దగ్గర, సూత్రాల దగ్గర మాత్రం పొరపాట్లు వస్తాయి, మనిషి కూర్చుని చూడాల్సిందే. కొత్తగా టైపు చేసేవాళ్లు దయచేసి మొదటి నుంచీ యూనికోడ్‌లోనే చేయండి. ఫాంటు కూడా ఓపెన్ లైసెన్స్ ఉన్నదే వాడండి. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన వాటిలో మండలి పాఠానికి బాగుంటుంది, శీర్షికలకి రామభద్ర. నోటో సాన్స్ తెలుగు కూడా ఉచితమే. ఫాంటు ఫైలుని నోట్సుతో పాటే ఇచ్చేసినా ఎవరూ ఏమీ అనరు.

బోధనాప్రియ

ఇంత శ్రద్ధగా జవాబులు రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నోట్సు యూనికోడ్‌లోనే ఉంది, వర్డ్ ఫైళ్లు ఉన్నాయి, ఆ బాధ తప్పింది. అమ్మా ఎమ్మెస్సీ, జవాబులు చేరుస్తాను. సిమ్యులేషన్ లింకులు కూడా.

ఇంకో చిక్కు ఉంది. స్లైడ్లలో చాలా బొమ్మలు పేరున్న పాఠ్య పుస్తకాల నుంచి స్కాన్ చేసి పెట్టుకున్నవి. కార్నో చక్రం గ్రాఫ్, మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్ లాంటివి. క్లాసులో చూపించినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఇప్పుడు వాటిని ఏం చేయాలి?

కోర్టు_మెట్లు

క్లాసులో చూపించడం వేరు, లోకానికి లైసెన్స్ ఇవ్వడం వేరు. 52(1)(ఐ) సెక్షన్ బోధనలో భాగంగా టీచరు కాపీ చేసుకోవడాన్ని ఉల్లంఘన కాదంటుంది. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ మినహాయింపుని విశాలంగానే చదివింది. కోర్స్ ప్యాకుల్ని కూడా దాని కిందికి తెచ్చింది. కానీ ఆ బొమ్మ మీది కాదు కాబట్టి దాని మీద సీసీ లైసెన్స్ ఇచ్చే హక్కు మీకు రాదు. పెట్టే ముందు తీసేయాలి.

గ్రంథాలయం_కిటికీ

తీసేస్తే పాఠం బోసిపోతుంది, అందుకని మార్గం చెబుతాను. ఓపెన్‌స్టాక్స్ వాళ్ల యూనివర్సిటీ ఫిజిక్స్ రెండో సంపుటంలో థర్మోడైనమిక్స్, మూడో సంపుటంలో ఆప్టిక్స్ ఉన్నాయి. అమెరికాలో రైస్ యూనివర్సిటీ వాళ్ల సంస్థ అది. ఆ పుస్తకాలు సీసీ బై 4.0 కింద ఉన్నాయి. అందులో బొమ్మలు తీసుకోవచ్చు, ఇంగ్లిష్ పేర్లు తుడిచి తెలుగు పేర్లు రాయవచ్చు. ఒక్కో బొమ్మ కింద చూసి, వేరేవాళ్ల దగ్గర తెచ్చుకున్నది అని రాసి ఉంటే దాన్ని మాత్రం వదిలేయండి. ఎంఐటీ కోర్సుల బొమ్మలు కూడా ఓపెనే గానీ అవి వాణిజ్యేతర లైసెన్స్‌తో ఉంటాయి. మీరు బై-ఎస్‌ఏ పెట్టాలనుకుంటే వాటిని మీ పాఠంలో కలిపి అదే లైసెన్స్‌తో ఇవ్వడం కుదరదు. లింక్ ఇచ్చి ఊరుకోండి.

బొమ్మ కింద ఇలా రాస్తే సరిపోతుంది: ‘కార్నో చక్రం. ఓపెన్‌స్టాక్స్, యూనివర్సిటీ ఫిజిక్స్ రెండో సంపుటం, సీసీ బై 4.0. తెలుగు పేర్లు చేర్చి మార్చినది.’ పక్కన ఆ పేజీ లింక్. పేరు, రచయిత, మూలం, లైసెన్స్, ఏం మార్చారో ఒక ముక్క. స్లైడ్ల చివర అన్నీ ఒకేచోట గుట్టగా పోయకండి, ఎవరైనా ఒక్క స్లైడే తీసుకుంటే దాని వివరం వెంట వెళ్లాలి.

కార్నో గ్రాఫ్ లాంటివైతే మీరే గీసుకోవడం ఇంకా తేలిక. భౌతిక నియమం మీద ఎవరికీ కాపీరైట్ లేదు, ఆ పుస్తకం గీసిన తీరు మీదే ఉంది. ఇంక్‌స్కేప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీసి, తర్వాత మార్చుకోవడానికి వీలుగా ఎస్‌వీజీ ఫైలు కూడా పెట్టండి.

రామప్ప_రాయి

లాయరు గారు, వికీ గారు చెప్పినవి చదివాను. మార్చకూడదన్న షరతు గురించి ఒప్పుకుంటాను, అది పాఠాలకి సరిపడదు. వాణిజ్యం విషయంలో మాత్రం నా పట్టు నాదే. కోర్టు అర్థం ఏదైనా, లైసెన్స్‌లో ఆ మాట ఉంటే నోటీసు ఇచ్చేటప్పుడు నా చేతికి ఒక ఆధారం ఉంటుంది. నా నోట్సు వికీపీడియాలోకి పోకపోయినా ఫర్వాలేదు, మా పిల్లలకి చేరితే చాలు.

ఇంకో కష్టం కూడా చెబుతాను. ఈ పనికి గుర్తింపు ఎక్కడ? యూజీసీ 2018 నిబంధనల్లో పదోన్నతి లెక్కకి ఈ-కంటెంట్‌కి పాయింట్లు ఉన్నాయి. కానీ అది నాలుగు క్వాడ్రెంట్ల పద్ధతిలో ఉండాలి: వీడియో, పాఠం, చర్చ, మూల్యాంకనం. యార్క్‌షైర్ గారన్న ఒక గంట హ్యాండవుట్, పక్క కాలేజీ నోట్సుకి తెలుగు చేర్చడం, తప్పులు దిద్దడం, వీటికి ఏ గడీ లేదు. వారానికి పదహారు గంటలు క్లాసులు, ఆపైన ఎన్నికల డ్యూటీ, నాక్ (కాలేజీలకి గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు. ఇవన్నీ అయ్యాక లెక్చరర్ ఎవరి కోసం కూర్చోవాలి? ఇష్టమున్న కొద్దిమంది మీదే ఎన్నాళ్లు నడుస్తుంది?

యార్క్‌షైర్_తెలుగు

రామప్ప గారి మాటలో న్యాయం ఉంది. ఇక్కడ కూడా ప్రాజెక్టు డబ్బు ఉన్నన్నాళ్లూ జనం పెట్టారు, డబ్బు ఆగగానే చాలా విభాగాలు ఆగిపోయాయి. 2019లో యునెస్కో ఓపెన్ పాఠాల మీద సిఫార్సు ఆమోదించింది. టీచర్లకి శిక్షణ, ప్రోత్సాహం ఇవ్వాలని అందులో ప్రభుత్వాలకి చెప్పింది. కాగితం మీద ఉన్నది కాలేజీ దాకా రావాలంటే కమిషనరేట్ స్థాయిలో ఎవరైనా పట్టుకోవాలి. అధ్యాపక సంఘాలు దీన్ని డిమాండ్ల జాబితాలో పెట్టవచ్చు.

ఈలోగా పాయింట్లు రాకపోయినా ఆధారం మిగిలేలా చేసుకోవచ్చు. జెనోడోని జెనీవాలోని సెర్న్ సంస్థ 2013 నుంచి నడుపుతోంది. ఉచితం, ఒక్కో రికార్డుకి 50 జీబీ దాకా ఇస్తారు. పాఠం అన్న రకం కూడా ఎంచుకోవచ్చు. ప్రతిదానికీ డీఓఐ వస్తుంది కాబట్టి బయోడేటాలో, నాక్ ఫైల్లో రాసుకోవచ్చు. ఎన్నిసార్లు దించుకున్నారో కూడా పేజీలోనే కనిపిస్తుంది. అక్కడ ప్రచురించాక ఫైలుని ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వరు. దిద్దుబాట్లు చేస్తే కొత్త వెర్షన్‌గా పెట్టాలి. ప్రతి వెర్షన్‌కీ ఒక డీఓఐ, అన్నిటికీ కలిపి ఒక డీఓఐ ఉంటుంది. విద్యార్థులకి ఆ ఉమ్మడిది ఇవ్వండి, ఎప్పుడు నొక్కినా తాజాది తెరుచుకుంటుంది.

బోధనాప్రియ

నా నిర్ణయం రాస్తున్నాను. సీసీ బై-ఎస్‌ఏ 4.0. గైడ్లవాళ్లు అచ్చు వేస్తే వేయనివ్వండి, పేరు, లైసెన్స్ వేస్తే చాలు. పార్వతీపురం నుంచి వచ్చే పిల్లకి అది షాపులో దొరికినా నాకు సంతోషమే, నెట్ అందనివాళ్లకి అచ్చు కాగితమే ఆధారం. రామప్ప గారు మరోలా అనుకోవడంలో తప్పేమీ లేదు, ఆయన అనుభవం వేరు.

ప్రిన్సిపాల్ గారికి లేఖ ఇచ్చాను, ఆయన కమిషనరేట్‌కి పంపుతానన్నారు. అది వచ్చేలోగా బొమ్మలన్నీ మళ్లీ గీస్తాను. థర్మోడైనమిక్స్ మొదటి రెండు యూనిట్లు ముందు జెనోడోలో, మరో కాపీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో. వీడియో వికీ_సేవకుడు గారి ద్వారా కామన్స్‌కి. వర్డ్ ఫైలు, పీడీఎఫ్, ఎస్‌వీజీ బొమ్మలు, ఫాంటు, అన్నీ యూనిట్ వారీగా.

ఒక సహాయం కావాలి. తెలుగు పదాల దగ్గర అందరూ ఒకేలా రాయడం లేదు. కొందరు సమోష్ణ ప్రక్రియ అంటారు, కొందరు ఐసోథర్మల్ అనే వదిలేస్తారు. నేను రెండూ ఇస్తున్నాను. ఫిజిక్స్ వాళ్లెవరైనా ఆ పదాల పట్టిక ఒకసారి చూసిపెడతారా?

ఎమ్మెస్సీ_సెకండియర్

మేడమ్, నేను చూస్తాను. మా క్లాసులో ఇంకో ఇద్దరు కూడా సిద్ధంగా ఉన్నారు. లెక్కలు కూడా చేసి జవాబులు సరిచూస్తాం.

అక్షరం_కూర్పు

ఎడమ కుడి గడుల పేజీ ఫోన్‌లో ఇరుకుగా కనిపిస్తుంది. ఇంగ్లిష్ పేరా కింద తెలుగు పేరా వచ్చేలా ఇంకో రూపం కూడా కావాలి. వర్డ్‌లో స్టైల్స్ పెట్టి ఇస్తే రెండు రూపాలూ ఒకే ఫైలులోంచి తీయవచ్చు. మొదటి యూనిట్ పంపండి, టెంప్లేట్ చేసిస్తాను. డబ్బులేం వద్దు, టెంప్లేట్‌కి కూడా అదే లైసెన్స్ పెట్టేయండి.

రామప్ప_రాయి

ఆ టెంప్లేట్ నాకూ పంపండి. సహసంబంధం యూనిట్‌తో మొదలుపెడతాను, నా లైసెన్స్ మాత్రం బై-ఎన్‌సీ-ఎస్‌ఏ, అంటే బై-ఎస్‌ఏకి ‘వాణిజ్యానికి కాదు’ అన్న షరతు చేర్చినది. టెంప్లేట్ బై-ఎస్‌ఏ కదా, దాంట్లో నా పాఠం పోస్తే లైసెన్సులకి పేచీ వస్తుందా? లాయరు గారూ, గ్రంథాలయం గారూ, అది కొంచెం చూసి చెప్పండి.

గ్రంథాలయం_కిటికీ

మామూలు పేజీ అమరిక, స్టైల్స్ వరకే అయితే పేచీ రాదనుకుంటాను. అందులో బోధనాప్రియ గారి వాక్యాలో బొమ్మలో ఉంటేనే అడ్డు. గొడవే లేకుండా ఉండాలంటే అక్షరం_కూర్పు గారు ఖాళీ టెంప్లేట్‌ని విడిగా సీసీ జీరోతో, అంటే ఏ షరతూ లేకుండా, పెట్టేస్తే సరి. అప్పుడు ఎవరు ఏ లైసెన్స్‌తోనైనా వాడుకోవచ్చు.

అక్షరం_కూర్పు

అలాగే చేస్తాను. ఆదివారానికి పెడతా.